అరగ్లాసు నెత్తురు

అచ్చియ్యమ్మకి కోపం ముక్కు మీదుంటుందని చోడవరం చుట్టుపక్కల ఊళ్ళన్నీ అంటాయి. అనేవాళ్ళలో అందరికంటే ముందుండేవాడు ఆమె మొగుడు పెదబాబే. ఆ కోపం దానంతటదే వచ్చిందా, ఎవరైనా తెప్పించారా అని మాత్రం ఒక్కరూ అడగరు.

నిరుడు గానుగాటలో, చెరుకు ఆడి బెల్లం వండే రోజుల్లో, జరిగింది వింటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. పెనంలో చెరుకురసం కుతకుత ఉడుకుతోంది. అచ్చియ్యమ్మ వంగి తెట్టు తీస్తోంది. రసం విరిగి మడ్డి పైకి తేలాలంటే సున్నం పడాలి. సున్నాన్ని నీళ్ళలో కలిపి, తేట మెల్లగా పోయాలి. పెదబాబుకి అంత ఓపిక ఎక్కడిది? పొడి సున్నం గుప్పిట్లోకి తీసుకుని ఎత్తు నుంచి విసిరాడు. అది ఎగిరి ఆమె కుడికంట్లో పడింది. ఆమె కేక వేసి కూలబడితే, చెంబుడు నీళ్ళు మొహాన పోసి, “కాసేపు ఓర్సుకో, పాకం ముదిరిపోతాది,” అన్నాడు. పెనం దించి, పాకం పోసి, అంతా అయ్యాకే ఆటో పిలిచారు. బెల్లం బాగానే కుదిరింది. కన్ను పోయింది.

నల్లగుడ్డు మీద మీగడలాంటి పొర కమ్మేసింది. ఆ వైపు నుంచి మనిషి వస్తే మీద పడేదాకా తెలియదు. దీపం పెట్టబోయి చెయ్యి కాల్చుకుంది. ఆ కంటికి చూపు రావాలన్నది ఒక్కటే ఆమె కోరిక. నెలల తరబడి పోరితే గాని పెదబాబు, కొడుకు ఉదయ్‌కుమార్ ఆమెను విశాఖపట్నం తీసుకెళ్ళలేదు.

కంటి ఆసుపత్రిలో డాక్టరు ఫణిశ్రీ ఎదురుగా కూర్చుని నిదానంగా చెప్పింది.

“మీ ఎడమకన్ను బాగుందమ్మా. నల్లగుడ్డు అంచులో మూలకణాలుంటాయి. పైపొర అరిగిపోయినప్పుడల్లా కొత్తది పుట్టించేవి అవే. కుడికంట్లో వాటిని సున్నం చంపేసింది. ఎడమకంటి నుంచి నువ్వుగింజంత ముక్క తీసి, ల్యాబులో పెంచి, కుడికంటికి అతికిస్తాం.”

“పెరగడానికి ఆటికి తిండేటి పెడతారమ్మా?” అంది అచ్చియ్యమ్మ.

“రక్తంలోని తేట. సీరం అంటాం. చాలాచోట్ల దూడ రక్తం నుంచి తీసింది వాడతారు. చూడి ఆవుని కోసినప్పుడు కడుపులో ఉన్న దూడది. మేం జంతువులది ఏదీ ముట్టుకోం. వాటి రోగాలు కంటికి అంటుకోవచ్చు, ఒంటికి పడకపోవచ్చు. మీ రక్తమే అయితే అన్నిటికంటే మేలు.”

తీరా పరీక్ష చేస్తే అచ్చియ్యమ్మ ఒంట్లో రక్తం బొత్తిగా లేదు. ఎక్కడి నుంచి వస్తుంది? పాతికేళ్ళుగా మగాళ్ళు తిని లేచాక గిన్నె అడుగున మిగిలిందే ఆమె కూడు. ఇంతమందికి వండి పెట్టిన మనిషి ఒంట్లో రక్తం లేదంటే ఆ ఇంటికి సిగ్గుండాలి.

“పర్వాలేదు,” అంది డాక్టరు, పెదబాబు వైపు తిరిగి. “మీ ఇద్దరిలో ఎవరైనా ఇవ్వండి. పరీక్ష చేసి వాడతాం. టీ గ్లాసులో సగం చాలు.”

ఉదయ్‌కుమార్ ఫోను చెవికి పెట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు. ఆ ఫోను మోగలేదు. పెదబాబు కుర్చీలో అటూ ఇటూ కదిలాడు.

“గానుగాట దగ్గరికొచ్చీసిందండి. ఇప్పుడు నెత్తురు తీయించుకుంటే సత్తువ పోతాది. ఆ దూడదేదో ఉందన్నారు కదా, అదే వాడీండి. మాకేటీ పట్టింపు లేదు.”

పొద్దున్నే ఆవు తోక కళ్ళకద్దుకోనిదే కాఫీ తాగని మనిషి ఆ మాటన్నాడు. అచ్చియ్యమ్మ అతని వైపు చూసింది. చెరుకు నరికిన చేతులు, ఎద్దులాంటి మెడ. అందులోంచి అరగ్లాసు పోతే ఏమవుతుంది? కడుపులో దూడనైనా ఇస్తాడు గాని తనది చుక్క ఇవ్వడు. ఆమెకి కన్నీళ్ళు రాలేదు. అంత కోపంలో ఏడుపు రాదు.

“ఆళ్ళనడక్కండమ్మా,” అంది డాక్టరుతో. “నాదే తీయండి.”

“ఇప్పుడు కాదు. మందులేసుకుని, బాగా తిని, మూడు నెలలాగి రండి.”

చోడవరంలో బస్సు దిగ్గానే ఆమె మాంసం కొట్టుకెళ్ళి మేక కార్జం కొంది. ఇంటికొచ్చి వండింది. వండి, కంచం నిండా పెట్టుకుని, నడిమింట్లో పీట వేసుకుని కూర్చుంది.

పెదబాబు కాళ్ళు కడుక్కుని వచ్చి నిలబడ్డాడు. “ఏటే, ముందు నువ్వు తినీస్తన్నావా?”

“తింతన్నాను.”

“మరి మాకో?”

“మిగిల్తే ఉంటాది.”

ఊళ్ళో ఎంత గొడవ చేశాడో! ఆడది ముందు తింటే ఇంటికి దరిద్రమన్నాడు, బరితెగించిందన్నాడు. ఆమె పీట కదపలేదు. ఆ యేడు పెనం దగ్గరికీ రానంది. మూడు నెలల తరవాత తన చెయ్యి తానే చాపి రక్తం ఇచ్చింది. ఆ తేట తాగి, ల్యాబులో ఆమె కణాలు పలచటి పొరగా పరుచుకున్నాయి. పాత పొర ఒలిచేసి, దాన్ని కుడికంటికి అతికించారు.

పొర నిలిచింది. మసక విడడానికి వారాలు పట్టింది. చివరి పరీక్షకి పెదబాబు కూడా వచ్చాడు. పెళ్ళాం కోసం ఎంత తిరిగాడో నర్సుకి చెప్పుకున్నాడు. డాక్టరు ఎడమకన్ను మూసి ఏం కనిపిస్తోందో చెప్పమనగానే, అందరికంటే ముందు మొహం తెచ్చి ఆమె ఎదురుగా పెట్టాడు.

“నన్ను సూడే. కనిపిస్తన్నానా?”

అచ్చియ్యమ్మ కుడికంటితో అతన్ని తేరిపార చూసింది.

“కనిపిస్తన్నావు,” అంది. “నెత్తురడిగిన రోజు ఒంటికంటితోటే ఇంతకన్నా బాగా కనిపించేవు.”