కాఫీ మాడ్చిన నవల

పొద్దున ఆరింటికి మిగ్దాలియా పొయ్యి మీద కాఫీ కూజా పెట్టి, పక్కనే నిలబడి కొత్త నవల తెరుస్తుంది. పైకే చదువుతుంది. కూజా బుడబుడమన్న చప్పుడు చెవిన పడిందంటే పుస్తకం మూసి సంచిలో వేసి, ఆ సాయంత్రమే గ్రంథాలయంలో తిరిగి ఇచ్చేస్తుంది. చప్పుడు వినిపించకుండా కాఫీ పొంగి, పొయ్యి మీద పడి మాడితే ఆ నవల ఫ్యాక్టరీకి వెళుతుంది. రేషన్లో ఇంటికి నెలకొక చిన్న పొట్లం, అదీ బఠాణీలు కలిపిన కాఫీ వచ్చే మా కమహువాని ఊళ్లో ఇది చిన్న పరీక్ష కాదు. ఆవిడ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఉన్నది చెక్క గోడ. మాడు వాసన ఇటు వచ్చిందంటే, చుట్టల ఫ్యాక్టరీలో నూట ఇరవై మందికి మంచి రోజులొస్తున్నాయని మాకు తెలిసిపోతుంది.

అక్కడే ఆవిడ ఇరవై రెండేళ్లు చుట్టలు చుట్టింది. పాత చదువరికి గొంతు పోయి ఇంట్లో కూర్చున్నప్పుడు ఆ పని తనకు కావాలని పేరిచ్చింది. చదువరి అంటే హాలు ముందున్న ఎత్తు బల్ల మీద కూర్చుని, పనిచేసేవాళ్లకు పొద్దున పేపరు, మధ్యాహ్నం నవల చదివి వినిపించే మనిషి. ఆ మనిషిని ఎంచుకునేది పైవాళ్లు కాదు, వినేవాళ్లు. మూడు నెలలు చదివి మెప్పించాలి. ఆఖరి శుక్రవారం అందరూ చేతులెత్తి తేలుస్తారు. ఓడితే మళ్లీ పాత చోటికే. చుట్టలు చుట్టడమంటే ఆవిడకు చిన్నచూపేమీ లేదు. ఇరవై రెండేళ్లు విన్నాక ఇక చదవాలనిపించింది, అంతే.

మొదటి రెండు నెలలు బాగా సాగలేదు. పాత చదువరి సగంలో వదిలిన లావుపాటి పుస్తకాన్ని పూర్తిచేయడం మర్యాద. అందులో ఒక జమీందారు మూడు వందల పేజీలుగా మంచం మీదే ఉన్నాడు.

"అమ్మాయ్ మిగ్దాలియా," అన్నాడొక రోజు ముందు వరసలోని గుమెర్సిందో, కళ్లు నులుముకుంటూ. ఆయనకు డెబ్బై దగ్గర పడ్డాయి. "ఆ ముసలాయన ఇంకా పోలేదా?"

"లేదు తాతా. వీలునామా రాయిస్తున్నాడు."

"నిన్న కూడా అదే కదా రాయించింది!"

"నిన్న కాగితం తెమ్మన్నాడు," అంది పక్క బల్ల దగ్గరున్న తొమాసా. "ఇవాళ కలం కోసం మనిషిని పంపాడు. వాడొచ్చేలోపు నాకు పింఛను వచ్చేస్తుంది."

హాలంతా గొల్లున నవ్వింది. మా దగ్గర చదివింది నచ్చితే, ఆకు కోసే వంపు కత్తితో బల్ల మీద టకటకా కొడతారు. నచ్చకపోతే కత్తిని కింద పడేస్తారు. ఆ రోజు మొదట ఒక కత్తి నేల మీద పడింది. ఆ వెనకే ఏడు.

"ఏడవకే," అంది తొమాసా, ఆ సాయంత్రం ఇళ్లకు వెళుతూ. ఆ ఇద్దరూ ఇరవై ఏళ్లు పక్కపక్కనే కూర్చుని చుట్టినవాళ్లు. "నీ గొంతు బాగానే ఉంది. మాకు పరిగెత్తే పుస్తకం కావాలి. నీతి వద్దు, ప్రకృతి వర్ణన అసలే వద్దు. నన్ను కుర్చీలోంచి లేపేది ఒకటి తేవే."

ఆ వారమంతా మిగ్దాలియా గ్రంథాలయం నుంచి రోజుకొక పుస్తకం తెచ్చింది. నాలుగు రోజులు కూజా చప్పుడు చక్కగా వినిపించింది. ఐదో రోజు మా ఇంటి నిండా మాడు వాసన.

కొండల్లో వెళ్లే రైలు. అందులో ఒక మంత్రసాని, ఆవిడ ఒళ్లో తనది కాని పసిపిల్ల. పక్క పెట్టెలో ఆ పిల్ల కోసం వెతుకుతున్న ఇద్దరు మనుషులు. రైలు గమ్యం చేరడానికి పదకొండు గంటలు, నవలలో పదకొండు అధ్యాయాలు. మిగ్దాలియా ఈ నాలుగు ముక్కలే చెప్పి కూర్చుంది. జమీందారును పక్కన పెట్టి ఇది చదవాలా అని ఓటు అడిగే పని కూడా లేకుండా కత్తులు మోగాయి.

ఇక చూడాలి ఫ్యాక్టరీని! మధ్యాహ్నం రెండు దాటితే ఎవరూ మంచినీళ్లకు కూడా లేచేవారు కాదు. జ్వరమొచ్చిన గుమెర్సిందో మెడకు తువ్వాలు చుట్టుకుని వచ్చి కూర్చున్నాడు. ఆ ఇద్దరిలో పొట్టివాడే అసలు దుర్మార్గుడని ఒక వరస, కాదు పొడుగువాడని ఇంకో వరస, బస్సులో కూడా వాదించుకున్నారు.

కథ మూడో గంటకు చేరేసరికి ఇరైదా వచ్చి గోల పెట్టింది. చుట్టిన ప్రతి చుట్టనూ యంత్రానికి తగిలించి, గాలి సాఫీగా ఆడుతోందా లేదా అని చూడడం ఇరైదా పని. మామూలుగా నూటికి మూడో నాలుగో బిగుసుకుపోయి తిరిగి వస్తాయి. అప్పుడు పద్దెనిమిది వస్తున్నాయి. ఆకులో చెమ్మ ఎక్కువైందన్నారు. ఆకు మూట మార్చారు. ఇరవై ఒకటి వచ్చాయి. అప్పుడు ఇరైదా ఏ గంటలో చుట్టినవి ఆ గంట పళ్లెంలో వేరుగా పెట్టింది. పేపరు చదివే గంటలో మూడు. నవల చదివే గంటలో ముప్పై ఒకటి.

"ఆకుకేం రోగం లేదు," అంది అందరి ముందూ ఆ పళ్లెం ఎత్తి చూపిస్తూ. "హంతకుడు తలుపు దగ్గరికొచ్చినప్పుడల్లా మీరంతా చుట్టను పట్టుకుని వాడి పీక నొక్కుతున్నారు!"

"నావి తొమ్మిది ఉన్నాయా?" అన్నాడు గుమెర్సిందో. "అయితే వాడు తొమ్మిదిసార్లు చచ్చాడు."

అందరూ నవ్వారు, పర్యవేక్షకుడు తప్ప. శుక్రవారం నాటికి లెక్క మామూలుకు రాకపోతే రైలు ఆపేసి జమీందారు దగ్గరికే వెళ్లమన్నాడు. ఆ శుక్రవారమే ఓటు. జమీందారుతో ఓటుకు వెళితే ఎన్ని కత్తులు కింద పడతాయో మిగ్దాలియాకు తెలుసు.

మంగళవారం సాయంత్రం తను చుట్టలు చుట్టిన పాత చెక్క పలకా, కత్తీ, గుప్పెడు ఆకూ పట్టుకుని మా వంటింట్లోకి వచ్చింది.

"నువ్వు చదువు తల్లీ, నేను చుడతాను. ఏ మాట దగ్గర నా చేయి బిగుస్తుందో చూడాలి."

పైకి చదవాలంటే నాకు నోరు ఎండిపోతుంది. ఎప్పుడు అయిపోతుందా అని ఎక్కడా ఆగకుండా, తల ఎత్తకుండా చదివేశాను. పొట్టివాడు గొళ్లెం మీద చేయి వేశాడు, మంత్రసాని పిల్లను దుప్పట్ల బుట్టలో దాచింది, తలుపు తెరుచుకుంది, అంతా ఒక్క గుక్కలో. మిగ్దాలియా చుట్టను నోట పెట్టి గాలి లాగి చూసింది. హాయిగా వచ్చింది.

"ఇప్పుడు నేను," అంది. ఆ పేజీ ఆవిడకు కంఠతా వచ్చు. చుడుతూ మొదలుపెట్టింది. "పొట్టివాడు... మెల్లగా... గొళ్లెం మీద..." అని ఆగి, కళ్లు పెద్దవి చేసి నా వైపు చూసింది. నేను ఊపిరి బిగబట్టాను. ఆవిడ వేళ్లు కూడా బిగుసుకున్నాయి. ఆ చుట్టను నోట పెట్టి లాగితే బుగ్గలు లోపలికి పోయాయి గానీ గాలి రాలేదు.

చుట్టను పలక మీద పెట్టి, కడుపు పట్టుకుని నవ్వింది.

"పాపం, నవలను తిడుతున్నాం! చేసేదంతా నేనే. నూట ఇరవై మంది ఊపిరి బిగబట్టి నా నోటి వంక చూస్తుంటే ఎంత బాగుంటుందో తెలుసా నీకు? ఆ రుచి మరిగి, వాక్యానికి రెండుసార్లు ఆగుతున్నా."

బుధవారం ఆగకుండా చదివింది.

"ఏంటే, బస్సు తప్పిపోతుందా నీకు?" అని అరిచింది తొమాసా.

"పొడుగువాడికి రైలు తప్పిపోతుంది. విను!"

ఆ రోజు తిరిగొచ్చినవి ఏడు. కానీ మిగ్దాలియాకు ఆ నిశ్శబ్దం లేకపోతే అన్నం సయించలేదు. గురువారం ఇంకో ఉపాయం పన్నింది. నాలుగున్నరకు గంట మోగే ముందు అందరూ కత్తులు పక్కన పెట్టి చేతులు తుడుచుకుంటారు. సరిగ్గా అప్పటికి ఆ రోజు భాగంలోని భయంకరమైన చోటు వచ్చేలా పేజీలు లెక్క కట్టుకుంది. రైలు సొరంగంలోకి వెళ్లింది. దీపాలు పోయాయి. మంత్రసాని బుట్టలో చేయి పెట్టి తడిమింది...

మిగ్దాలియా ఆగింది. నూట ఇరవై మంది ఆగిపోయారు. చేతులన్నీ ఖాళీ. గంట మోగింది. ఆవిడ పుస్తకం మూసి సంచి భుజానికి తగిలించుకుంది.

"బుట్టలో పిల్ల ఉందా లేదా? చెప్పి పో!" తొమాసా వాకిలికి అడ్డంగా నిలబడింది.

"రేపు రండి."

"రేపటిదాకా నేను నిద్రపోవద్దా, రాక్షసీ?"

ఆ రోజు లెక్క నాలుగు. శుక్రవారమూ నాలుగే. ఇరైదా కాగితం తెచ్చి పర్యవేక్షకుడి చేతిలో పెట్టింది. ఆయన దాన్ని రెండుసార్లు చూసి, మిగ్దాలియానే చదువరిగా ఉండాలనుకునేవాళ్లు చేతులెత్తమన్నాడు.

గుమెర్సిందో రెండు చేతులూ ఎత్తాడు.

"ఒక్కటే లెక్కలోకి వస్తుంది, పెద్దాయనా."

"ఒకటి ఈ నవలకి. రెండోది తర్వాత తెచ్చేదానికి. అదేంటో ఇప్పుడే చెప్పమనండి, ఇది అయిపోవస్తోంది."

ఎత్తని చేయి హాలు మొత్తంలో ఒక్కటే. తొమాసాది. చేతులు కట్టుకుని కూర్చుంది.

"ముందు ఆ పిల్ల బతుకుతుందో లేదో చెప్పు. అప్పుడు ఎత్తుతా."

"సోమవారం."

"నీ ఉద్యోగం నా చేతిలో ఉందే!"

"నీ పిల్ల నా చేతిలో ఉంది," అంది మిగ్దాలియా, పుస్తకం తట్టి చూపిస్తూ.

తొమాసా పళ్లు నూరుతూ చేయెత్తింది. కత్తుల మోతకు వీధిలో బండి గుర్రం బెదిరిందని తర్వాత చెప్పుకున్నారు. ఆ మోత తగ్గాక మిగ్దాలియా సంచిలోంచి మూడు పుస్తకాలు తీసి బల్ల మీద పేర్చింది. మొదటిది ఉప్పు మడుల్లో దొరికిన ఒంటి బూటు గురించి అంది. రెండోదాని గురించి చెప్పేలోపే మొదటిదానికి సగం చేతులు లేచాయి.

ఇది జరిగి ఆరేళ్లయింది. మిగ్దాలియాకు ఇప్పుడు యాభై రెండేళ్లు. ఆవిడ చదువుతున్నది ముప్పై ఏడో నవల, వాడుతున్నది మూడో కాఫీ కూజా.