మా చెల్లె సైకిల్‌కు పోసిన కందెన

రాసుకో బిడ్డా, నేను ఎట్ల చెప్తె అట్లనే రాయి, బడి పుస్తకం లెక్క సక్కదిద్దకు. నిన్న పొద్దుగాల నువ్వు నీ గేర్ల సైకిల్‌ను గోడకు ఆనిచ్చి, చైను కిర్రుమంటుందని వంటింట్లకెల్లి కొబ్బరినూనె సీస తెచ్చి ధారగ పోస్తుంటె నేను కుర్చీల కూసొని చూస్తనే ఉన్న. వద్దని చెప్పాల్సింది గని చెప్పలె, ఎందుకంటె ఆ నూనె చైను మీదికెల్లి బండల మీదికి కారుతుంటె నాకు మా చెల్లె సైకిల్ యాదికొచ్చింది, చెల్లె సైకిల్ యాదికొస్తె వాళ్ల మామ యాదికొచ్చిండు, ఇగ ఆ ఇద్దరు యాదికొస్తె నాకు పూటంత వేరే పని సాగది. నా ఈడోళ్లకు ఈ ముచ్చట చెప్తె తలకాయ ఊపుతరు, నీ ఈడోళ్లకు చెప్తె సైకిల్‌కు గింత కథనా అంటరు. గప్పుడు సైకిల్ అంటె ఆడుకునే వస్తువు కాదు బిడ్డా, ఇంట్ల ఒక మనిషి లెక్క.

మీ తాతకు సిద్దిపేటల పాత బస్టాండు పక్క సందుల సైకిల్ దుకాణం ఉండె. ముందర కిరాయి సైకిళ్లు వరుసగ నిలవడుతుండె, ఎన్క అర్రల మా కాపురం, నడుమ ఒక గోనెపట్ట పర్ద. పెండ్లైన కొత్తల నేను ఆ పర్ద దాటకపోయేది. గని మీ తాతకు గ్యాసునూనె, అదే కిరోసిన్, పడక చేతులు పగిలి నెత్తురు కారుతుంటె చూడలేక, ఇటియ్యి నేను కడుగుత అని చర్రల గిన్నె గుంజుకున్న. చర్రలంటె నీకు తెల్వది. చక్రం నడిమిట్ల హబ్బు ఉంటది గద, దాంట్ల ఇరుసుకు రెండు పక్కల మిరియాలంత ఉక్కు గుండ్లు ఉంటయి, అవి దొర్లితెనే చక్రం తిరుగుతది. వాటిని గ్యాసునూనెల కడిగి, పాత లుంగీ గుడ్డ మీద ఆరబెట్టి, గరుకు పడ్డదాన్ని వేలితోని తడిమి పక్కకు తీసుడు నా పని. బియ్యంల రాళ్లు ఏరిన చేతికి అదేం కొత్త పని కాదు. తర్వాత తర్వాత గ్రీసు పెట్టుడు గూడ నా మీదికే వచ్చింది, ఆఖరికి గ్రీసు కొనుడు గూడ.

గ్రీసుల మంచి చెడు ఉంటయని నాకు ఆ దుకాణంలనే ఎరుకైంది. లారీ సామాన్లు అమ్మెకాడ పెద్ద పెద్ద డబ్బలకెల్లి తీసి పాలితీన్ కవర్ల జోకి ఇస్తుండె. మీ తాత రంగు చూసి తెచ్చెటోడు, ఎర్రగ మెరిస్తె మంచిదని. నేను మాత్రం బొటనవేలుకు చూపుడువేలుకు నడుమ పెట్టి రుద్ది, మెల్లగ వేళ్లు ఎడం చేసి చూసేదాన్ని. పాకం లెక్క సన్నగ సాగి తెగాలె, తెగినంక వేలిని పట్టుకొని ఉండాలె. ఇసుక తగిలినట్టుంటె వద్దు, నీళ్ల లెక్క జారితె వద్దు, మైనం లెక్క గట్టిగుంటె అది లారీకి పనికొస్తది గని సైకిల్‌కు రాదు. లారీని ఇంజను గుంజుతది, సైకిల్‌ను మనిషి కాళ్లు గుంజాలె. చలికాలం పొద్దుగాల అయితె ఆ గట్టి గ్రీసు ఇంకింత బిగుసుకపోతది. ఇగ పెట్టుడు గూడ ఒక పనే. కప్పుల గ్రీసు పూసి, అండ్ల చర్రలను ఒక్కొక్కదాన్ని గుచ్చినట్టు కూసోబెట్టి, మీదికెల్లి ఇంత రాసి ఊకోవాలె, కొత్తోళ్లు పోలెల పూర్ణం పెట్టినట్టు హబ్బు నిండ కుక్కుతరు. చైనుకైతె గ్రీసు మొత్తానికే వద్దు, ఊళ్లె దుమ్మునంత పిలుచుకుంటది. పల్చటి నూనె సుక్కలు సుక్కలుగ వేసి మళ్ల గుడ్డతోని తుడవాలె. తుడిచేదానికి వేసుడెందుకే అని మీ తాత ఎక్కిరిచ్చెటోడు, లోపటికి పోయింది చైనుది, బయట మిగిలింది దుమ్ముది అని నేను అనేదాన్ని.

కొమురెల్లి మల్లన్న జాతర దినాలల్ల మా కిరాయి సైకిళ్లు ఎక్కువ అటే పోతుండె. అవి తిరిగొచ్చినంక ఇప్పితె హబ్బుల గ్రీసు పసుపుపచ్చగ ఉంటుండె, జాతరల చల్లే పసుపు, బండారి, ఏ సందులకెల్లి పోయేదో ఏమో. ఆ గ్రీసును మోరిల పడేయబుద్ధి కాకపోయేది నాకు, మల్లన్న బండారి గద, ఎవరు తొక్కని జాగ చూసి బొంద తీసి పెట్టేదాన్ని. ఏడికో పోతున్న, ఉండు, మా చెల్లె దగ్గరికి వస్త.

మా చెల్లెను మిరుదొడ్డి దిక్కు ఒక పల్లెకు ఇచ్చినం. అది చదువుకున్నది, నర్సు ట్రైనింగు చేసింది, అక్కడ్నే చుట్టుపక్క ఊర్లకు పోయి పిల్లలకు సూదులేసే నౌకరి దొరికింది. బస్సు పోని ఊర్లు, సైకిల్ మీదనే తిరగాలె. వాళ్ల అత్తకు ఆ నౌకరి మొదటిసంది పడలె, కోడలు సైకిల్ తొక్కుకుంట పోతె నలుగురు తననే చూసినట్టు అయ్యేదంట ఆమెకు. ఒక్క మాట మీద ఒప్పుకున్నది, దీపాలు పెట్టె యాళ్లకు ఇంట్ల ఉండాలె అని. మొదటి ఏడు ఉన్నది. రెండో ఏడు చలికాలం వచ్చేసరికి పొద్దు జల్ది గూకుతుండె, దీనికేమో రోజు ఆలిశమైతుండె, సగం తొవ్వ దిగి నూకుకుంట వస్తుండె. అత్త ఒకనాడు గడపల నిలవడి, ఈ నెల కాంగనె నౌకరి వద్దని కాయితం రాసిచ్చి ఇంట్ల కూసో అన్నదట. మా మరిది అవ్వ మాట కాదనెటోడు కాదు, పెండ్లాం మాట కాదనెటోడు కాదు, అందుకని చెప్పులేసుకొని బయటికి పోయిండట.

సైకిల్‌ను బస్సు మీద వేసుకొని చెల్లె మా ఇంటికి వచ్చింది. మొకం ఇంతైంది. అక్కా, నా కాళ్లల్ల బలం పోయిందే, దవాఖానకు తోల్కపో, ఏదన్న సూది ఏపియ్యి అన్నది. ఊరందరికి సూదులేసెటిది. నేను కాళ్లు చూడలె, సైకిల్ ఎన్క చక్రం లేపి తిప్పిన. గట్టిగ తిప్పితె గూడ ఎవరో పట్టుకున్నట్టు నిలవడ్డది. నీ కాళ్లకు కాదే రోగం అని, ముందర చక్రం గూడ గట్లనే నిలవడితె దాన్ని మీ తాతతోని ఇప్పిచ్చిన. ఇరుసు బయటికి రాంగనె దుకాణమంత ఆముదం వాసన. లోపట గ్రీసు లేదు, నల్లగ, బంక లెక్క, చర్రలు దొర్లకుండ అందుల అతుక్కపోయి ఉన్నయి.

ఏం మరదలా, సైకిల్ తొక్కుతున్నవా బండి కట్టినవా, ఎడ్లేడ ఇడిచిపెట్టినవ్ అన్నడు మీ తాత. చెల్లె నవ్వలె. మా మామనే, బావా, ప్రతి ఆదివారం నేను లేవకముందే పోస్తడు అన్నది.

అది కందెన బిడ్డా. ఆముదంల గడ్డి కాల్చిన మసి కలిపి, వెదురు గొట్టంల పోసి ఎడ్లబండి కింద వేలాడగడుతుండె, ఇరుసు కూత పెట్టినప్పుడల్ల ఇంత పూస్తుండె. చెల్లె మామ బతుకంత బండి తోలినోడు. మోకాళ్లు పోయి ఎడ్లను అమ్మినంక చేతికి పని లేకుండయ్యింది, ఇగ కోడలు సైకిలే ఆయనకు బండి. హబ్బు మీద నూనె పోసెటందుకు చిన్న బొర్ర ఉంటుండె గప్పుడు, ఆ బొర్రలకెల్లి కందెన పోసి, చైనుకు కోడి ఈకతోని పూసి, పిల్ల అల్కగ, బరువు లేకుండ పోవాలె అనుకుంట లోపటికి పోయెటోడట. ఆ ఇంట్ల దాని నౌకరికి ఆసరా నిలవడ్డది గూడ ఆయనొక్కడే. అత్త ఏమన్న అన్నప్పుడు, అది తొక్కుతుంది నువ్వు తొక్కుతలేవు గద, పోనియ్యి అనెటోడు.

ఆయనకు చెప్తె అయిపాయె గద అన్నడు మీ తాత. చెప్తె ఇంక ఆయన ఆ ఇంట్ల నోరు తెరుస్తడా అన్నది చెల్లె. గట్లైతె బొర్రకు రాంగు కరిగిచ్చి పోసి మూసేస్త, ఇగ కందెన పోసినా లోపటికి పోదు అన్నడు. వద్దు బావా, ఆయన వారమంత ఆదివారం కోసమే చూస్తడు, సైకిల్ బరువున్నా మంచిదే, నేనే ఇంకింత ముందుగాల బయలెల్లుత అన్నది. ముందుగాల అంటె ఎంత ముందుగాల? సూదులు అయిపోకముందు వస్తదా? నౌకరి పోతదని దానికి గూడ తెలుసు. నేను చాన సేపు ఆ బంకను వేలితోని రుద్దుకుంట కూసున్న. ఇయ్యాల మేం కడిగిస్తె ఆదివారం మళ్ల పోస్తడు. చెప్తె నొచ్చుకుంటడు. చివరికి, ముందర చక్రం మంచిగ కడిగి మా గ్రీసు పెట్టి, ఎన్క చక్రం ముట్టకుండ అట్లనే ఉంచిన. సైకిల్ ఈడ పెట్టి పో, పశువుల అంగడినాడు మీ మామ వస్తడు గద, ఆయననే తీస్కపొమ్మను అని చెల్లెను బస్సు ఎక్కిచ్చిన.

ఎడ్లు అమ్మినంక గూడ ఆ ముసలాయన మా సిద్దిపేట పశువుల అంగడి మానలె. కొనేది లేదు, అమ్మేది లేదు, ఎడ్ల పండ్లు చూసి, మూపురం తట్టి, ధర అడిగి, గింతనా అని తిట్టి పోయెటోడు. ఆనాడు అంగడికెల్లి మా దుకాణానికి వచ్చి, ముందర బండ మీద కూసొని చాయ తాగుతుండు. నేను పర్ద ఇవుతలికి వచ్చి, సైకిల్ తలకిందులు చేసి ఆయన ముందర పెట్టి, ముందర చక్రం ఒక్క ఏటు తిప్పిన. సాసర్ల చాయ అయిపోయేదాక అది సప్పుడు లేకుండ తిరుగుతనే ఉన్నది. తర్వాత ఎన్కది తిప్పిన. ఇట్ల తిరిగి అట్ల ఆగింది.

ఏందిది బిడ్డా అన్నడు.

ముందరిదాంట్ల మా గ్రీసు పెట్టిన మామా, ఎన్కదాంట్ల మీ కందెన ఉన్నది అన్న. మీ తాత మూలకు పాన పట్టుకొని నిలవడ్డడు, ఏదన్న ఎకసెక్కెం ఆడుతడేమోనని నేను కండ్లతోనే ఆపిన.

ముసలాయన గ్రీసు డబ్బల వేలు పెట్టి, రుద్ది, వాసన చూసిండు. దీనికి పానం లేదు, ఆముదం పానమున్న వస్తువు అన్నడు. బండికి దాన్ని మించింది లేదు మామా, బండి చక్రం కట్టెది, కట్టె తాగుతది, మీరు మళ్ల పోస్తె మళ్ల తాగుతది, ఇది ఇనుము, ఇది తాగది, పోసిందంత గాడ్నే కూసొని బంకైంది అని చెప్పిన. ఆయన మళ్ల ఒకపారి ఎన్క చక్రం తనే తిప్పిండు. ఆగేదాక చూసిండు.

గట్లైతె ఇన్ని దినాలు ఆ పిల్ల తొక్కింది సైకిల్‌ను కాదు, నన్ను అన్నడు.

లేచి పోతడేమో అనుకున్న. ఆయన రుమాలు తీసి మోకాలు మీద వేసుకొని, ఇప్పుర్రి అన్నడు. కడుగుడు తానే కడిగిండు, గ్యాసునూనెల గిన్నె అడుగు కనవడేదాక. ఆ లావు వేళ్లకు చర్రలు అందక జారిపోతుంటె మీ తాత నేల మీద వంగి ఏరి ఇచ్చిండు. గ్రీసు పెట్టుకుంట ఇంత చాలా అని అడిగిండు, ఇంకింత తియ్యుర్రి మామా అన్న, తీసి మళ్ల చూపిచ్చిండు, ఇంకింత అన్న. తక్కువ పెట్టుడు నా చేతికి రాదు బిడ్డా అన్నడు, అప్పుడు కొంచెం నవ్విండు.

ఇంటికి పోయినంక ఏమైందో చెల్లె చెప్పింది. సైకిల్ దించకముందే వాకిట్ల నిలవడి, పక్కింటోళ్లు చూస్తుండంగనే, ఆలిశం పిల్లది కాదు, నాది, కందెన పోసి నేనే బరువు చేసిన అన్నడట. అత్త చాటల పప్పు చెరుగుతనే, ఎడ్లకు గూడ గట్లనే ఏదో పోసి ఉంటవు, అందుకే నిన్ను చూస్తె పండుకునేటియి అన్నదట. గని మాట అంటె మాటనే ఆమెకు. మరునాటిసంది కోడలు దీపాల కంటె ముందు ఇల్లు చేరుతుండె, నెల ఎల్లిపోయింది, కాయితం ఊసు ఆమె మళ్ల ఎత్తలె, మేమెవ్వరం ఎత్తలె.

ఆ తర్వాత అంగడికి వచ్చినప్పుడల్ల ఆయన నా దగ్గర చిన్న డబ్బ నిండ గ్రీసు తీస్కపోయెటోడు, నేనిచ్చింది ఊకెనే తీసుకోకపోయేది, వేళ్ల నడుమ రుద్ది, సాగదీసి, నా దిక్కు చూసి తలకాయ ఊపెటోడు. సాయంత్రమైతె చేతికర్ర పట్టుకొని ఊరి బయట తొవ్వ దాక వచ్చి నిలవడుతుండెనట. చెల్లె దిగంగనె ఎన్క చక్రం లేపి ఒకపారి తిప్పి చూసుకొని, అప్పుడు ఇద్దరు కలిసి ఇల్లు చేరేటోళ్లు. ఎన్నేండ్లు నడిచిందో ఆ తిప్పుడు. తర్వాత చెల్లెకు జీతం పెరిగింది, మోపెడు కొన్నది. మొదటినాడు పొద్దు ఇంక మీదనే ఉండంగ ఇల్లు చేరింది. ముసలాయన అప్పుడే చెప్పులేసుకొని చేతికర్ర కోసం ఎతుకుతుండట. వాకిట్ల బండి చూసి, అప్పుడే వచ్చినవా బిడ్డా అని, చెప్పులు మళ్ల ఇడిచి లోపటికి పోయిండట.

చెల్లె నౌకరి పూర్తి చేసింది, పింఛను తీసుకుంటుంది, దాని చేతి సూది తిన్న పిల్లలకు గూడ పిల్లలైన్రు. ఇప్పుడు ఎవరు ఏడ ఉన్నరో ఫోన్లనే తెలుస్తది, ఎవరికి ఆలిశం కాదు, అయినా అడిగెటోళ్లు లేరు. మొన్న వచ్చినప్పుడు గూడ చెల్లె అదే మాట అన్నది, అక్కా, సైకిల్ ఇడిచిపెట్టినకాడికెల్లి నా కోసం తొవ్వ మీదికి వచ్చి నిలవడ్డ మనిషి ఒక్కడు లేడే అని. నేను చాయ పోసిచ్చిన.