బావ ఆల్బమ్ మీద నా పెద్దరికం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం మీద అభిప్రాయం చెప్పడానికి నాకు ఏమాత్రం మొహమాటం ఉండేది కాదు. ఇప్పుడైతే తెలిసిన విషయం మీద నోరు విప్పడానికే తటపటాయిస్తాను. వయసు పెరిగేకొద్దీ మనిషికి జ్ఞానం వస్తుందంటారు కానీ, నా మటుకు నాకు వచ్చింది భయమే. ఆ భయం ఇంకా రాని వయసులో, అంటే డిగ్రీ పూర్తిచేసి కైకలూరు దగ్గర రొయ్యల చెరువుల మీద సూపర్‌వైజరుగా చేరిన కొత్తలో, ఒక రాక్ బ్యాండు కొత్త ఆల్బమ్ మీద తీర్పు చెప్పమని నన్ను పెద్దమనిషిగా కూర్చోబెట్టారు. మా ప్రాంతంలో గట్టు తగాదాలకీ అన్నదమ్ముల వాటాలకీ పెద్దమనుషులు కూర్చోవడం మామూలే. గిటార్లకీ డ్రమ్ములకీ కూర్చున్నవాడిని మాత్రం నేనొక్కడినే అయ్యుంటాను.

ఆ బ్యాండు మా బావది. బావ అంటే తాడేపల్లిగూడెంలో ఉండే మా మావయ్య (అమ్మకి అన్నయ్య) ఒక్కగానొక్క కొడుకు. మావయ్య వయసులో ఉన్నప్పుడు చేపలూ రొయ్యలూ పెంచి, చెరువు గట్టు మీద పాకలోనే సగం జీవితం గడిపి, చివరికి కైకలూరులో ఒక ఐసు ఫ్యాక్టరీలో వాటా కొనుక్కున్న మనిషి. బావ ఇంజనీరింగ్ పూర్తిచేసి, గిటారు భుజాన వేసుకుని, ఇంకో ముగ్గురితో కలిసి బ్యాండు పెట్టాడు. ఒకడు పాడతాడు, ఒకడు డ్రమ్ములు వాయిస్తాడు, బావా ఇంకొకడూ గిటారు వాయిస్తారు. ఆ ఇంకొకణ్ణి అందరూ ‘పొడుగు’ అనేవారు. వీళ్ళ సాధన అంతా ఊళ్ళో ఒక ఉల్లిపాయల గొడౌను పై గదిలో జరిగేది. అక్కడ వాళ్ళ పాటలు విన్న ప్రతివాడికీ కళ్ళ నీళ్ళు తిరిగేవి. అది తమ సంగీతం మహిమే అని డ్రమ్ముల కుర్రాడు చాలాకాలం నమ్మాడు. వాళ్ళ మొదటి ఆల్బమ్ ఎవరూ వినలేదు (విననివాళ్ళలో నేనూ ఉన్నాను). ఇప్పుడు రెండోది వచ్చింది. మావయ్య ఓపిక అయిపోయింది.

ఒకరోజు ఐసు ఫ్యాక్టరీ పని మీద కైకలూరు వచ్చిన మావయ్య, బావని వెంటబెట్టుకుని మా చెరువు దగ్గరికి వచ్చాడు. గట్టు మీద కుర్చీ వేసి కూర్చోబెట్టాను. కొబ్బరి బోండాం తాగి, మెల్లగా అసలు విషయం ఎత్తాడు. మావయ్య గొంతు ఎప్పుడూ పెంచడు. కోపం వచ్చినకొద్దీ ఇంకా మెత్తగా మాట్లాడతాడు.

“ఒరేయ్ అల్లుడూ, నీకు సంగీతం ఏమన్నా తెలుసేంట్రా?”

“అస్సలు తెలీదండి మావయ్యా.”

“ఆయ్, అదే నాక్కావాలి. వీడి స్నేహితుల్నడిగితే బ్రహ్మాండం అంటారు. మీ అత్తయ్యకి వీడు దగ్గినా బాగానే ఉంటది. నాకేమో వీడేం వాయించినా గోలగానే ఉంటది, అబద్ధమెందుకు. ఎటూ కానోడివి నువ్వే. పని చేసుకుంటా పాటలు వినే జనం ఎలా వింటారో అలా విను. ఆదివారం ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పు. బాగుందన్నావంటే ఇంకో ఏడాది వీడి జోలికి రాను. లేదన్నావంటే మర్నాటి నించి ఐసు ఫ్యాక్టరీలో కూర్చుంటాడు. ఏరా, ఒప్పుకున్నావుగా?”

బావ తల ఊపాడు. తన ఏడాది జీవితం నా చేతుల్లో పెట్టడం వాడికి ఇష్టంలేదని మొహంలో తెలుస్తూనే ఉంది. మావయ్య కారు వైపు నడిచాక నన్ను పక్కకి లాగి, “స్పీకర్లో పెట్టుకుని వినకురా బాబూ, సగం పోతది. ఇయర్‌ఫోన్సులోనే విను. ఆరో పాట మాత్రం జాగ్రత్తగా విను. మధ్యలో పాట ఆగిపోయి, నేనొక్కణ్ణే వాయిస్తాను. నీకు తెలిసిన ముక్కే” అన్నాడు. నాకు తెలియడమేమిటి, వాళ్ళ వీధిలో అందరికీ తెలుసు. కాలేజీ రోజుల నుంచీ మేడ మీద కూర్చుని అదే ముక్క తిప్పి తిప్పి వాయించేవాడు. అత్తయ్య తనకు తెలియకుండానే పోపు వేస్తూ అది కూనిరాగం తీసేది.

ఆ వారమంతా ముసురు. ఎండ లేకపోతే చెరువు నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది కనుక, నీటిని చిమ్ముతూ గాలి కలిపే ఏరేటర్లు పొద్దస్తమానం తిరుగుతూనే ఉండాలి. అవి ఆగితే రొయ్యలు పైకి తేలతాయి, వాటితోపాటు నా ఉద్యోగమూ తేలుతుంది. అందుకే నేను చేరిన రోజునే పాత సూపర్‌వైజరు, “పాటలు వింటే విను గానీ, ఒక చెవి ఎప్పుడూ చెరువుకి ఒదిలెయ్యాలి” అని చెప్పాడు. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల మీద పనిచేసే ఎవర్ని చూసినా ఇంతే, ఒక ఇయర్‌ఫోన్ చెవిలో ఉంటుంది, రెండోది చొక్కా మీద వేలాడుతూ ఉంటుంది. నాకూ అది ఎంత అలవాటయిందంటే, ఏలూరు బస్సులో కూర్చున్నా ఎడమ చెవికే పెట్టుకునేవాణ్ణి.

అలా గొడుగు కింద కూర్చుని, పెద్దమనిషికి ఉండవలసిన గాంభీర్యంతో ఆల్బమ్ మొదలుపెట్టాను. మొదటి పాట తడిసిన డీజిల్ ఇంజను స్టార్ట్ అవ్వడానికి మొరాయించినట్టు మొదలై, ఆ తర్వాత ఆపమన్నా ఆగకుండా నడిచింది. ఫరవాలేదనిపించింది. రెండో పాటలో మాటలు అర్థం కాలేదు, తెలుగే అని మాత్రం తెలిసింది. మూడోది హైవే మీద దెందులూరు దగ్గర లారీ వెనక ఇరుక్కుపోయిన కుర్రాడి బాధ. అది నా బాధ కూడా కనుక చాలా నచ్చింది. నాలుగో పాట వింటూ మేత చల్లితే చెయ్యి దాని ఊపులో పడి, చెరువు ఒక మూలకి వెళ్ళవలసిన మేత అంతా ఇంకో మూలకే పడింది. ఐదో పాటలో ఓనరు గారు ఫోన్ చేశారు, దాని గురించి నాకేమీ తెలియదు. ఇంక ఆరోది. పాడేవాడు పాడి ఆగాడు. నేను ఊపిరి బిగబట్టాను. డ్రమ్ముల మీద టకటకమని సన్నగా ఒక దరువు. అంతే. గిటారు లేదు, బావ లేడు. ఆ దరువు అలా చాలాసేపు ఒంటరిగా నడిచి, మళ్ళీ పాట అందుకుంది. పొరపాటున వినలేదేమోనని మళ్ళీ పెట్టాను. మళ్ళీ లేదు. అప్పుడు మిగతా పాటలన్నీ తిరగేసి విన్నాను. వాటిలోనూ వినిపించే గిటారు ఒక్కటే, అది పొడుగుదని బాగా తెలుస్తోంది. బావని వాళ్ళు తీసేశారని నాకు అర్థమైపోయింది. వాడితో ఎలా చెప్పాలో తెలియక ఆ వారమంతా వాడి ఫోన్లు ఎత్తలేదు.

ఆదివారం తాడేపల్లిగూడెం వెళ్ళాను. హాల్లో నాకు పెద్ద కుర్చీ వేశారు. మావయ్య ఎదురుగా, బావ తలుపు దగ్గర, అత్తయ్య వంటింటి గుమ్మంలో. పెసరట్టు తిని చెయ్యి కడుక్కుని తీర్పు మొదలుపెట్టాను. డీజిల్ ఇంజను సంగతీ, లారీ సంగతీ, మేత ఒక మూలకే పడిన సంగతీ చెప్పాను. మావయ్య శ్రద్ధగా విని, “మరి మనోడు ఎలా వాయించాడు?” అన్నాడు. నేను నేల వైపు చూస్తూ, “బావ ఎక్కడా లేడండి మావయ్యా. ఆరో పాటలో ఆ ముక్క కూడా లేదు. అక్కడ ఖాళీగా వదిలేశారు” అన్నాను.

“లేకపోవడమేంట్రా!” అని బావ అరిచాడు.

మావయ్య గొంతు ఇంకా మెత్తబడింది. “నీకు చెప్పకుండా తీసేసుంటారు నాన్నా. బాధపడకు. ఐసు ఫ్యాక్టరీలో అయితే నిన్నెవరూ తియ్యరు.” ఆ మాటలో ఎగతాళి లేదు. కొడుకుని ఎవరో పక్కన పెట్టారని ఆయనకి నిజంగానే కష్టం వేసింది. ఉన్నదున్నట్టు తనకే వినిపించమని, బావ ఫోనూ ఇయర్‌ఫోన్లూ తీసుకుని, ఎడమ చెవికి ఒకటి పెట్టుకున్నాడు. రెండోది చొక్కా మీదకి వేలాడింది. ఆరో పాట నడుస్తుంటే, ఎదురుగా చెరువు ఉన్నట్టు కిటికీలోంచి దూరంగా చూస్తూ విని, తల అడ్డంగా ఊపాడు. “లేదురా. అల్లుడు చెప్పింది నిజవే.”

అత్తయ్య ఆగలేకపోయింది. చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, వేలాడుతున్న రెండోదాన్ని అందుకుని తన చెవికి ఆనించుకుంది. పాట మళ్ళీ పెట్టారు. సగం దాటేసరికి ఆవిడ మొహం వెలిగిపోయింది. “అదిగోనండీ! ఇదే కదండీ, మన మేడ మీద వాయించేది!”

“ఎక్కడే?”

“ఇప్పుడే వాయిస్తన్నాడండీ, ఇదిగో!”

“నీకు వాడు దగ్గినా పాటే.”

“ఏవండీ, మీకు చెవుడొచ్చిందేమో చూపించుకోండి. అసలు వాడే అంతా వాయించాడు. ఆ పొడుగబ్బాయే పాపం, ఒక్క ముక్కా వాయించలేదు.”

“వాయించిందంతా పొడుగోడే కదే!”

ఒకే తీగకి చెరో కొసా తగిలించుకుని, తలలు దగ్గరగా పెట్టుకుని, దంపతులిద్దరూ అలా వాదించుకుంటున్నారు. బావ ఆ తీగ వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. “ఏరా, నువ్వు రెండూ పెట్టుకునే విన్నావా?”

“ఒకటే బావా.”

“రెండోది?”

“చెరువుకి ఒదిలేశాను.”

బావ గుమ్మంలోనే కూలబడ్డాడు. రెండు గిటార్లనీ చెరో పక్కకీ సర్దడానికి వాళ్ళు ఎంత కుస్తీ పట్టారో, పొడుగుని ఎడమ చెవికీ తనని కుడి చెవికీ ఎందుకు పెట్టారో, ఆరో పాటలో ఎడమ పక్క ఆ సన్నటి దరువు తప్ప ఏమీ లేకుండా ఎందుకు వదిలారో, వాడు ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో చెప్పుకొచ్చాడు. కొల్లేరు చుట్టూ ఉన్న జనమంతా ఒక్క చెవితోనే వింటారన్న సంగతి స్టూడియోలో ఎవరికీ తట్టలేదు.

“అయితే రెండూ పెట్టుకుని వినండి” అంది అత్తయ్య. మావయ్య రెండూ పెట్టుకున్నాడు. వెంటనే తీసేశాడు. “నా వల్ల కాదే. రెండు చెవులూ మూసుకుంటే ఎక్కడో ఏదో ఆగిపోయినట్టుంటది” అన్నాడు. ఆయన గట్టు దిగి ఎన్నో ఏళ్ళయింది, అయినా ఆ భయం దిగలేదు. అత్తయ్య నవ్వలేదు. ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, “ఇక్కడే చెరువూ లేదండీ. ఉన్నా నేను చూస్తంటాను. మీరు వినండి” అంది.

అప్పుడు విన్నాడు. ఆరో పాట అయ్యాక, కళ్ళు తెరవకుండానే, మొదటి నుంచి పెట్టమని బావకి సైగ చేశాడు. ఆల్బమ్ అంతా అయ్యేదాకా మేము ముగ్గురం ఆయన మొహంలోకి చూస్తూ కూర్చున్నాం. నా కాఫీ చల్లారిపోయింది. ఆఖర్ని ఇయర్‌ఫోన్లు తీసి, తీగ జాగ్రత్తగా చుట్టి, “ఏంట్రా పెద్దమనిషీ, నీ తీర్పు?” అన్నాడు.

“సగమే విన్నానండి మావయ్యా. సగం విని ఏం చెప్తాను?” అన్నాను. నా జన్మలో చెప్పిన తెలివైన మాటల్లో అదొకటి.

“నేను మొత్తం విన్నాను. గోలగానే ఉంది” అని మావయ్య బావ వైపు తిరిగాడు. “కానీ అంత గోలలోనూ నువ్వెక్కడున్నావో తెలుస్తానే ఉంది. ఏడాది చూసుకో.” అత్తయ్య కొంగుతో కళ్ళు ఒత్తుకుంది (ఉల్లిపాయల గొడౌను అక్కడికి చాలా దూరం). బయలుదేరుతుంటే మావయ్య గేటు దాకా వచ్చి, “వచ్చే ఆల్బమ్‌కీ నువ్వే రావాలి” అన్నాడు.

ఆ మాట నేను ఆయన అనుకున్నదానికంటే గట్టిగా పట్టించుకున్నాను. ఏడాదంతా రెండు చెవులకీ పెట్టుకుని, సెలవు రోజుల్లో ఏయే దేశాలవో బ్యాండ్లు విన్నాను. బేస్ అంటే ఏమిటో, సోలో అంటే ఏమిటో నేర్చుకున్నాను. ఈసారి డీజిల్ ఇంజన్లూ లారీలూ లేకుండా, అచ్చమైన సంగీత పరిభాషలో తీర్పు చెప్పాలని మనసులో వాక్యాలు కూడా కూర్చుకున్నాను. మూడో ఆల్బమ్ వచ్చింది. పిలుపు రాలేదు. ఉండబట్టలేక నేనే మావయ్యకి ఫోన్ చేసి, “ఎప్పుడు రమ్మంటారండీ?” అన్నాను.

“దేనికిరా?” అన్నాడు.

“బావ ఆల్బమ్ సంగతండి.”

“ఓ, అదా! మేం వినేశాంలేరా, మీ అత్తయ్యా నేనూ. మొదటి పాటలో డ్రమ్ములు ఎక్కువైనాయి కానీ, మూడో పాట విను, మనోడు ఎత్తుకున్న చోట చూడు...” అని మొదలుపెట్టి, నన్ను ఒక్క మాట మాట్లాడనివ్వకుండా పాట పాటకీ చెప్పుకుపోయాడు. ఐసు ఫ్యాక్టరీ ఊసే లేదు. నేను నేర్చుకున్న పరిభాష అంతా గొంతులోనే ఉండిపోయింది. ఊఁ కొట్టి ఫోన్ పెట్టేశాను. కొంచెం చిన్నతనంగా అనిపించిన మాట నిజం. బావ ఇప్పటికీ వాయిస్తూనే ఉన్నాడు, ఆల్బమ్‌లు వస్తూనే ఉన్నాయి, నా అభిప్రాయం ఎవరూ అడగరు. అయినా కొత్తది వచ్చిన ప్రతిసారీ, పెద్ద కుర్చీలో వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్న ఆ కుర్రాడు గుర్తొస్తాడు. ఎవరైనా ఫోన్ చేస్తారేమోనని ఆ పూట కాస్త కనిపెట్టుకునే ఉంటాను.