గడ్డం దాకా కప్పే హెల్మెట్

పడ్డప్పుడు నా తలమీద హెల్మెట్ ఉంది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే తర్వాత చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ "హెల్మెట్ పెట్టుకోలేదా?" అనే మొదలుపెట్టారు. పెట్టుకున్నాను. టోపీలాంటిది, చెవుల దగ్గర ఆగిపోయేది. నేను పడింది గడ్డం మీద.

పెడన దాటాక గుడివాడ రోడ్డు. కోతల రోజులు. రోడ్డులో సగందాకా వడ్లు ఆరబోసి, అంచు తెలియడానికి రాళ్ళు పేర్చారు. మా వైపు దాన్నెవరూ తప్పుగా చూడరు. ఎండ తగిలే గట్టి నేల తారురోడ్డే కాబట్టి అక్కడే పోస్తారు, బళ్ళవాళ్ళు పక్కనుంచి తప్పుకుని వెళ్తారు. ఎదురుగా గడ్డి ట్రాక్టర్ వచ్చింది. నేను రాళ్ళ లోపలికి జరిగాను. వడ్ల మీద స్కూటర్ చక్రం నిలవలేదు. గడ్డం కింద కుట్లు పడ్డాయి, ఒక పన్ను కదిలింది. వడ్లు పోసినాయన పరిగెత్తుకొచ్చి నన్ను లేపి, నీళ్ళిచ్చి, ఆ తర్వాతే తన వడ్లు ఎంతమేర చెదిరాయో చూసుకున్నాడు. ఆయన్ని నేనేమీ అనను.

మా ఆయన తాపీ మేస్త్రి. నేను ఇళ్ళకి ఎస్టిమేట్లు వేస్తాను. ఇన్ని గదులకి ఇటుక ఎంత, సిమెంటు ఎంత, ఇసుక ఎంత, ఇనుము ఎంత అని లెక్క కట్టి ఇస్తాను. నా చదువు పదో తరగతితో ఆగింది. మిగతాదంతా ఆయన పనులు జరిగేచోట కూర్చుని, తప్పులు చేసి, దిద్దుకుని నేర్చుకున్నదే. ఇంజనీరు ఇంట్లో కూర్చుని ప్లాను చూసి లెక్క చెప్పినా జనం నమ్ముతారు. నన్ను మాత్రం స్థలంలో నిలబడి, పల్లం చూసి, టేపు పట్టి చెబితేనే నమ్ముతారు. అందుకే బందరు నుంచి ఒకరోజు గూడూరు, ఒకరోజు గుడివాడ, ఒక్కోసారి పులిగడ్డ వంతెన దాటి దివిసీమలో కోడూరు దాకా తిరుగుతాను. బండి లేకపోతే నాకు పని లేదు. ఇంతకంటే ఉన్నమాట మరొకటి లేదు.

కుట్లు వేయించుకుని ఇంటికొచ్చిన సాయంత్రమే మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, వచ్చారు. నాతో కాదు, తమ్ముడితో మాట్లాడారు.

"ఆ బండి ఎవడికైనా ఇచ్చెయ్‌రా. ఈ వయసులో ఆడవాళ్ళకి రోడ్లమీద పనేంటి?"

మా ఆయన కిందికి చూస్తూ, "నేను తీసుకెళ్తాలే అన్నయ్యా, పనున్నప్పుడు" అన్నాడు.

ఆయనకి పని లేని రోజు ఉండదు. ఆయన ఖాళీ కోసం చూస్తే నేను ఏడాదికి రెండు ఇళ్ళు కూడా కొలవలేను. నోరు బాగా తెరవలేని స్థితిలో ఉన్నా ఆ రాత్రే చెప్పాను: "ఒక్క నెల టైమివ్వండి. గడ్డం కూడా కప్పే హెల్మెట్ చూస్తాను. అది పెట్టుకుని బండి నడపడం కుదరదని తేలితే నేనే మానేస్తాను. కుదిరిందంటే మాత్రం ఇంకెవరూ మాట్లాడకూడదు."

"సరే, చూడు" అన్నాడు. కుదరదనే ఆయన నమ్మకం.

కుట్లు తీయించుకున్నాక బందరులో హెల్మెట్లూ సీటు కవర్లూ అమ్మే షాపుకి వెళ్ళాను. షాపాయన పెద్దవయసు ముస్లిం, మర్యాదస్థుడు. నా తల చూసీ చూడగానే అరలోంచి ఒకటి తీసి ముందు పెట్టాడు.

"ఇది తీసుకోండమ్మా. రెండు సైజులు పెద్దది. ముడి ఉంటది కదా, ఒక్కోరోజు పూలుంటాయి. మన ఆడవాళ్ళందరికీ ఇట్లాగే ఇస్తాం."

నాకూ సబబే అనిపించింది. మా పనిలో గోడ కొలిస్తే మీద పడే ప్లాస్టరింగు మందం కలుపుకోవడం అలవాటు. అదే బుద్ధితో టేపు ముడి మీదుగా తిప్పాను. యాభైతొమ్మిది సెంటీమీటర్లు. ఆ హెల్మెట్‌కి అది సరిగ్గా సరిపోయింది. ఇంటికి తెచ్చాను.

ఇంట్లో పట్టీ బిగించుకుని మా ఆయన్ని వెనక నిలబడమన్నాను. "మెడ దగ్గర అంచు పట్టుకుని పైకి నెట్టండి. భయపడకుండా నెట్టండి."

నెట్టాడు. పట్టీ ఊడలేదు గానీ హెల్మెట్ మొత్తం ముందుకి దొర్లి కళ్ళమీద పడింది. ఇంకొంచెం నెడితే తలమీంచి ఊడొచ్చేసేదే.

"చూశావా, ఇది పనికిరాదు" అన్నాడు, కొంచెం సంతోషంగానే.

"పనికిరానిది హెల్మెట్ కాదు, కొలత" అన్నాను. ముడి ఊడదీసి మళ్ళీ కొలిచాను. కనుబొమ్మలకి పైగా, చెవులమీదుగా, వెనక ఉబ్బు మీదుగా. యాభైఅయిదు. నాలుగు సెంటీమీటర్లు నా తల కాదు, జుట్టు. జుట్టు నలుగుతుంది, తల నలగదు. మా ఊళ్ళో ఆడవాళ్ళంతా ముడికి చోటు వదిలి, దెబ్బ తగిలిననాడు జారిపోయే హెల్మెట్లే పెట్టుకుని తిరుగుతున్నారన్నమాట.

మర్నాడు వెనక కింద జడ అల్లుకుని షాపుకి వెళ్ళాను. రెండు సైజులు తగ్గించి ఇమ్మన్నాను.

"బిగుతైపోద్దమ్మా! తలనొప్పి వస్తది. మళ్ళీ నా షాపుని తిడతారు."

"తిట్టనండి. ఇక్కడే కాసేపు పెట్టుకుని చూస్తాను."

ఆయనకి నమాజు వేళయింది. "ఐతే కూర్చోండి, షాపు చూస్తుండండి" అని వెళ్ళిపోయాడు. తలకి హెల్మెట్ పెట్టుకుని కౌంటరు వెనక కూర్చున్నాను. ఈలోపు ఒకాయన బండి అద్దం కోసం వచ్చి, నన్ను చూసి, బయటికెళ్ళి బోర్డు చదువుకుని మళ్ళీ లోపలికొచ్చాడు. "ఓనరుగారు లేరాండీ?" అన్నాడు చాలా జాగ్రత్తగా. వస్తారని చెప్పాను. నా గొంతు విని ఇంకా కంగారుపడ్డాడు.

బుగ్గలు రెండువైపులా ఒత్తుకుపోయాయి, మాట ముద్దగా వస్తోంది. అది పరవాలేదు, లోపలి మెత్త కొన్నాళ్ళకి అణుగుతుంది. నేను చూసుకున్నది నుదురు. నుదుటిమీద ఒకేచోట నొక్కితే ఆ ఆకారం మన తలకి పడదు, ఎన్నాళ్ళు వాడినా పడదు. ఆ చిన్న సైజులోనే మొదట పెట్టుకున్నది నుదుట ఎర్రటి గుర్తు వేసింది. అరలోంచి తీసి పెట్టుకున్న రెండోది వేయలేదు. షాపాయన తిరిగొచ్చి వెనకనుంచి నెట్టి చూశాడు. కదల్లేదు. నా తలే ముందుకొచ్చింది.

"నల్లద్దం వేసిస్తానమ్మా, స్టైలుగా ఉంటది, ఎండ కూడా ఆగుద్ది" అన్నాడు. వద్దన్నాను. మా రోడ్లమీద చీకటిపడే వేళకి గడ్డి ట్రాక్టర్లు వెనక లైటు లేకుండా వెళ్తాయి. నాకు తెల్లద్దమే కావాలి. ఐ.ఎస్.ఐ. గుర్తు స్టిక్కరుగా అతికించిందో, అచ్చుగా ఉన్నదో గోటితో గీకి చూసుకున్నాను. పక్కనున్న కిరాణా కొట్లో కాటా మీద పెట్టి తూచాను. కిలోన్నరకి కాస్త తక్కువ. పప్పు తూచుతున్న అబ్బాయి నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు.

ఇంట్లో దాన్ని పెట్టుకునే బెండకాయలు తరిగాను, బియ్యం ఏరాను. మెడ ఎంతసేపటికి లాగుతుందో తెలియాలి కదా. మా ఆయన అన్నానికి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"బెండకాయలు ఎగిరొచ్చి కొడతాయనా?"

"మీరు కూర బాగాలేదని పళ్ళెం విసిరితే అని."

ఆయనెప్పుడూ పళ్ళెం విసరలేదు. అందుకే నవ్వాడు. ఆ నవ్వు అవకాశంగా తీసుకుని పనిలో పెట్టాను. నేను గోడకెదురుగా కుర్చీలో కూర్చుని చూపు ముందుకే ఉంచాను. ఆయన తాపీ పట్టుకుని నా వెనకనుంచి పక్కగా మెల్లగా నడిచొచ్చాడు. తాపీ కంటికి ఆనగానే "ఆగండి" అన్నాను. అక్కడ నేలమీద సుద్దగీత. ముందు హెల్మెట్ లేకుండా, తర్వాత హెల్మెట్‌తో. రెండు గీతల మధ్య బెత్తెడు కూడా లేదు. తల కాస్త తిప్పితే ఆ తేడా పోతుంది. కిందివైపు మాత్రం బాగా తగ్గింది. గడ్డం దగ్గరి దిమ్మ అడ్డొచ్చి నా మోకాళ్ళు నాకు కనపడలేదు. అంటే ముందు చక్రం కింద ఏముందో చూడ్డం కాదు, దూరంనుంచే దారి చూసుకుంటూ రావాలి. అది లోపమే. లోపమని ఒప్పుకున్నాను. కానీ వడ్లు పోసిన చోట కూడా దూరంనుంచి చూసి ఉంటే నేను పడేదాన్ని కాదు.

గీతలు గీసేసరికి మా ఆయనకి ఆసక్తి పుట్టింది. ఎడమవైపు కూడా చూద్దామని ఆయనే అన్నాడు.

ఆ ఆదివారం బావగారు వచ్చారు. జడ చూశారు ముందు. "యాభై దగ్గరపడుతుంటే ఈ వేషమేంటమ్మా?" అన్నారు. తర్వాత హెల్మెట్ చూశారు. "ఇందులో చెవులు మూసుకుపోతాయి. వెనక లారీవాడు హారన్ కొడితే వినపడక చస్తావ్."

"మీరే కొట్టి చూడండి బావగారూ" అన్నాను. స్కూటర్ స్టార్ట్ చేసి, హెల్మెట్ పెట్టుకుని, వీధిలో నెమ్మదిగా వెళ్ళాను. ఆయన తన బైకుమీద వెనకొచ్చారు. హారన్ కొట్టినప్పుడల్లా నేను తల ఊపాలి. ఆయన కొట్టారు, ఊపాను. దగ్గరగా వచ్చి చిన్నగా తట్టినట్టు కొట్టారు, ఊపాను. చివరికి కోపమొచ్చి వీధంతా మోగేలా ఆపకుండా కొట్టారు. ఎదురింటావిడ బయటికొచ్చి, "ఏంటన్నయ్యగారూ, పెళ్ళిబస్సా?" అంది. చెవుల దగ్గర గాలి హోరు పాత హెల్మెట్‌తో కంటే తగ్గింది. హారన్ కొంచెం మెత్తబడింది, పోలేదు.

ఇక రోడ్డు. గుడివాడ వెళ్ళొచ్చాను, గూడూరు వెళ్ళొచ్చాను. ఎండలో బండి ఆగితే లోపల ఉడికిపోయింది. కదిలితే పైనున్న కన్నాల్లోంచి గాలి వచ్చింది. పొద్దున్నే మంచులో నా ఊపిరే అద్దానికి ఆవిరి పట్టింది, కళ్ళజోడుకీ పట్టింది. అద్దం కొద్దిగా తెరిచి ఉంచితే తగ్గింది, పూర్తిగా పోలేదు. చాలా మంచు పడితే ఆగిపోవాలి. హెల్మెట్ లేకపోయినా ఆగాల్సిందే.

నేను లెక్కలోకి తీసుకోనిది ఒకటుంది. పలకరింపు. మా వైపు దారిలో తెలిసిన పెద్దవాళ్ళు కనపడితే బండి కాస్త తగ్గించి "బాగున్నారాండీ" అనకుండా వెళ్ళకూడదు. ఇప్పుడు నేనెవరో వాళ్ళకి తెలియదు, నేనన్నది వాళ్ళకి వినపడదు. రెండువారాలు తిరక్కముందే మాట ఇంటికొచ్చింది. మోసుకొచ్చింది మా బావగారే. ఈసారి కూర్చోలేదు.

"నీ పెళ్ళాం గూడూరులో మా వియ్యంకుడి ముందునుంచే వెళ్ళిందటరా, పలకరించకుండా. కళ్ళు నెత్తికెక్కాయా అని అడిగాడు. నేనేం చెప్పాలి?"

"తల ఊపాను బావగారూ."

"ఆ డబ్బా ఊగితే ఎవరికి తెలుస్తుందమ్మా? దెబ్బ తగిలింది, భయముంది, సరే. ఊళ్ళో మొహం కనపడేలా వెళ్ళు. ఊరు దాటాక పెట్టుకో. మధ్యలో ఊళ్ళొస్తే తీసి చేతికి తగిలించుకో. అందరూ చేసేది అదే."

అందరూ చేసేది నిజంగా అదే. ఆయన కూడా మోచేతికే తగిలించుకుని తిరుగుతారు. చెక్‌పోస్టు కనపడితే తలమీదికి ఎక్కుతుంది. ఆయన అడిగింది పెద్ద విషయంలా కనపడదు. మర్యాద కోసం కాసేపు తీయమన్నారు, అంతే. ఒప్పుకుంటే ఆ పూట గొడవ తీరిపోయేది. కానీ గూడూరు ఒక ఊరు, పెడన ఒక ఊరు, గుడివాడ ఒక ఊరు, చల్లపల్లి ఒక ఊరు. మా డెల్టాలో ఊరికీ ఊరికీ మధ్య దూరమెంత? ప్రతి ఊళ్ళో తీస్తే ఇక అది నా తలమీద ఉండేదెక్కడ? పడేవాళ్ళు ఊరు దాటాకే పడాలని ఏమీ లేదు.

"తీయనండి" అన్నాను. "ఇంట్లో పెట్టుకుంటాను, దిగాక తీస్తాను. దిగాక ఎంతసేపైనా పలకరిస్తాను."

"అంటే మా పరువు..."

"మీ వియ్యంకుడిగారికి నా దండాలు చెప్పండి. గడ్డం మీద కుట్లు వేసిన చోటు కావాలంటే ఇంటికొచ్చి చూపిస్తానని చెప్పండి."

బావగారు తమ్ముడివైపు తిరిగారు. "ఏరా, నువ్వేం మాట్లాడవే?"

మా ఆయన గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. నెల గడువు ఇంకా వారముంది. ఇప్పుడే వద్దనేస్తాడేమో అనుకున్నాను.

"అది కదలట్లేదన్నయ్యా" అన్నాడు. "నేనే వెనకనుంచి నెట్టి చూశాను. పక్కలు కూడా చూశాం. కనపడుతోంది."

"నేనడిగింది అదా?"

"నాకు తెలిసింది అది."

బావగారు చెప్పులు తొడుక్కున్నారు. "ఇకనుంచి దారిలో కనపడితే నేనూ పలకరించను" అని నాతో అన్నారు. ఆయన నాతో నేరుగా అన్న పెద్ద మాట అదే.

"సరేనండి" అన్నాను. "బండిమీద ఉన్నప్పుడు నాకు రోడ్డు చూసుకోవడమే సరిపోతోంది."

మర్నాడు కోడూరులో పునాది కొలవాలి. మా ఆయనకి అదే రోజు వేరేచోట స్లాబు. తీసుకెళ్ళనా అని ఆయన అడగలేదు, నేనూ అడగలేదు. పొద్దున్నే గుమ్మంలోనే హెల్మెట్ పెట్టుకుని, పట్టీ బిగించుకుని, మా వీధిలోంచే బయల్దేరాను. ఎదురింటావిడ ముగ్గు వేస్తూ తలెత్తి చూసింది. వంతెన మీద గాలి పక్కనుంచి కొట్టింది, మెడ ఆపుకోవాల్సొచ్చింది. కోడూరులో ఇంటివాళ్ళు గేటు దగ్గర నన్ను చూసి ఎవరో అనుకుని నిలబడిపోయారు. బండి దిగి, స్టాండ్ వేసి, హెల్మెట్ తీసి, "బాగున్నారాండీ" అన్నాను.

ఇంటావిడ నా బుగ్గలమీద పడ్డ గుర్తులు చూసింది. "అంత బిగుతుగా ఎందుకమ్మా, ఒకటి పెద్దది తీసుకోకపోయారా?"

"పెద్దది తీసుకుంటే ఊడిపోతుందండీ" అని టేపు తీసి, రెండో కొస పట్టుకోమని ఆవిడకే ఇచ్చాను.