లొట్టిలో తల ఇరికిన నక్క

మాది సిరిసిల్ల. సాంచాల, అంటే మరమగ్గాల చప్పుడును దాటి మాట వినపడాలి కాబట్టి మా ఇంట్లో అందరివీ పెద్ద గొంతులే. నాకు మొదటి పని తెచ్చిపెట్టింది ఆ గొంతే.

తెలంగాణ కోసం సమ్మె మొదలైనప్పుడు నేను జగిత్యాలలో పెద్దమ్మ వాళ్లింట్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. కాలేజీ మూతపడింది, బస్సులు ఆగిపోయాయి. బడులు కూడా లేకపోవడంతో వీధినిండా పిల్లలే. పక్కింట్లో కేబుల్ నడిపే అన్న ఉండేవాడు. పిల్లల అల్లరి భరించలేక తన లోకల్ ఛానల్లో సాయంత్రం ఒక గంట వాళ్లకే ఇచ్చేశాడు. ఒకటో నంబరు బొమ్మల సినిమా, రెండోది మ్యాజిక్, మూడోది పాటలు. పిల్లలు ఫోన్ చేసి తమకు కావలసింది చెప్పాలి, ఎక్కువమంది అడిగింది వేస్తాం. కెమెరా ముందు కూర్చుని ఫోన్లు ఎత్తే పని నాది.

"నీ గొంతుకు మైక్ గూడ అక్కర్లేదు" అన్నాడు అన్న.

కొందరు ఫోన్ చేసి ఆ రోజు ఏం కూర తిన్నారో చెప్పేవారు. ఒకడు రోజూ "జై తెలంగాణ" అని పెట్టేసేవాడు. వాడి ఓటు ఏ నంబరుకు వేయాలో నాకు తెలిసేది కాదు.

ఒకరోజు సారంగాపూర్ నుంచి ఒక అమ్మాయి చేసింది. నాలుగో, ఐదో చదువుతుండాలి.

"అక్కా, నాకు ఒకటి వద్దు, రెండు వద్దు, మూడు వద్దు. మా బాపమ్మను పెట్టుండ్రి."

బాపమ్మ అంటే వాళ్ల నాన్న తల్లి. బీడీలు చుడుతూ ఒక నక్క కథ చెబుతుందట. కానీ కథ చివర రోజుకో రకంగా మారిపోతుందట. తనకొకటి, తమ్ముడికొకటి చెప్పిందని ఇంట్లో ఇద్దరికీ రోజూ కొట్లాట.

"టీవీల చెప్తే ఒక్క తీర్గనే ఉంటది, అక్కా. అందరు జూస్తరు గద."

అలాంటి నంబరు లేదని నవ్వి పెట్టేశాను. మర్నాడు సారంగాపూర్ పిల్లలంతా బాపమ్మనే అడిగారు. అది విని జగిత్యాల పిల్లలూ మొదలుపెట్టారు. ఆమె ఎవరో వాళ్లలో ఒక్కరికీ తెలియదు. బొమ్మల సినిమా ఓడిపోయింది.

అన్న తల గోక్కున్నాడు. "ఓట్లు పెట్టినంక, గెలిచినోళ్లను కూసోబెట్టాలె గద" అని ఆటో పంపాడు.

కార్యక్రమం మొదలయ్యే వేళకు ఆటో రాలేదు. నేను పొడుపు కథలు అడుగుతూ, పిల్లల జవాబులకు నవ్వుతూ కాలక్షేపం చేస్తున్నాను. తర్వాత తెలిసింది, చౌరస్తాలో వంటావార్పు జరుగుతోందట. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుతున్న ఉద్యమకారులు, తినకుండా కదలొద్దని ఆటోను ఆపి అవ్వకూ మనవరాలికీ విస్తర్లు వేశారట.

అవ్వ బీడీల చాటతో సహా వచ్చింది. ఒళ్లో చాట లేకపోతే తనకు మాట రాదని చెప్పింది. పిల్లల కార్యక్రమంలో తంబాకు ఏమిటని అన్న కంగారుపడి, కెమెరాను ఆమె ముఖం మీదికి మాత్రమే తిప్పాడు.

ఒళ్లో చాట సర్దుకుంది. చేతులు ఆకు చుట్టడం మొదలుపెట్టాక గొంతు కదిలింది. ఈతవనంలోకి వెళ్లిన నక్క, లొట్టి అడుగున మిగిలిన కల్లు కోసం తల లోపల పెట్టింది. ఆ కుండ తలకు ఇరుక్కుంది. కళ్లు కనపడక తిరిగి తిరిగి మేకల కొట్టంలోకే వచ్చి పడింది. మేకలు చుట్టూ మూగాయి.

అక్కడ ఆగి, బీడీకి దారం చుడుతూ కెమెరాలోకి చూసింది.

"గిప్పుడు మేకలు ఏం జెయ్యాలె? మీరే చెప్పుండ్రి."

ఫోన్ మోగడం ఆగలేదు. రాయితో పగలగొట్టాలని ఒకరు. అయితే నక్కకు దెబ్బ తగలదా అని ఆమె. మళ్లీ మందవైపు రానని ఒట్టు వేయించుకుని లాగాలని ఇంకొకరు. నక్క ఒట్టును నమ్ముతావా బిడ్డా అని ఆమె. జై తెలంగాణ పిల్లవాడు కూడా చేశాడు. మొదటిసారి వాడి అభిప్రాయం తెలిసింది: కుండతోనే ఉండనివ్వాలి.

పక్కన కూర్చున్న మనవరాలి ముఖం ఎర్రబడింది.

"గిట్లయితే కథ అయిపోవుడెట్ల, బాపమ్మా?"

"అయిపోతే రేపేం చెప్పాలె బిడ్డా?"

నేను పడీపడీ నవ్వాను. ఆ పిల్ల నవ్వలేదు. మైకు తన వైపు లాక్కుని, మేకలన్నీ కలిసి కుండ అంచున నక్క మెడను నాకాయనీ, ఆ చక్కిలిగింతలకు నక్క తుమ్మితే కుండ ఊడి పడిందనీ, కథ అయిపోయిందనీ ప్రకటించింది. వెంటనే ఒక ఫోన్. వాళ్ల తమ్ముడు, ఇంటి నుంచి. అది అబద్ధమట, నక్కకు తుమ్మే రాదట. కరెంటు పోయేదాకా ఇద్దరూ టీవీలోనే వాదించుకున్నారు. అవ్వ మాత్రం తల ఎత్తకుండా బీడీలు చుట్టుకుంటూ కూర్చుంది.

సమ్మె ఆగి బడులు తెరిచాక ఆ గంట ఆదివారానికి మారింది. అన్న నాలుగో నంబరు కూడా చేర్చాడు. దానికి పేరేమీ పెట్టలేదు. పిల్లలు ఏం కావాలంటే అది.