కూలుతదన్న చిలుకమ్మ

నిలబడి ఉన్నది ఏది కనిపించినా అది కూలిపోతుందని చిలుకమ్మ నమ్మకం. నమ్మి ఊరుకోదు, చెప్పేస్తుంది.

కొత్త అపార్టుమెంటును చూసి, "కూలుతది." సెల్ టవరును చూసి, "కూలుతది." ఒకసారి ఖిలా వరంగల్ తీసుకుపోతే, వందల ఏళ్లుగా నిలబడ్డ రాతి తోరణాన్ని ఎగాదిగా చూసి, "ఇంకెన్నొద్దులు?" అని దాన్నే అడిగింది.

దసరా సెలవుల్లో పిల్లలకు బతుకమ్మ పేర్చడం నేర్పాలనుకుంది డ్రాయింగ్ టీచరు శ్రావణి. హన్మకొండలో ఒక హాలు మాట్లాడింది. తంగేడు, గునుగు, బంతి పూలు తెప్పించింది. తొర్రూరు దగ్గరి పల్లె నుంచి, పేర్చడంలో చేయి తిరిగిన ముసలి చిలుకమ్మను పిలిపించింది. బుద్ధి పుట్టి, పెళ్లి స్టేజీల మీద పూలు గుచ్చే స్పాంజి కూడా కొన్నది.

చిలుకమ్మ దాన్ని రెండు వేళ్లతో ఎత్తింది. "ఇదేంది బిడ్డా, బోళ్లు తోమేదా?"

"లోపల పెడితే పూలు కదలవు, పెద్దమ్మా."

"బతుకమ్మ కడుపుల ఆకు పెడ్తరు. దీంతోని నువ్వు మొకం కడుక్కో."

తాంబాలంలో పూలు గుండ్రంగా, వరస మీద వరస పేర్చాలి. మధ్య గుంతలో తరిగిన ఆకు దట్టంగా కూరాలి. ఆకు తక్కువైతే పై వరస లోపలికి దిగిపోతుంది. పిల్లలకు రంగులే కావాలి, ఆకు ఎవరికి కావాలి? పన్నెండు తాంబాలాలు, పన్నెండు ఖాళీ కడుపులు.

చిలుకమ్మ ఒడిలో ఆకు పోసుకుని, ఒక్కో తాంబాలం ముందు కూలబడి తిట్లు మొదలుపెట్టింది.

"ఇది బతుకమ్మనా, చీమల పుట్టనా?"

"మా మమ్మీ సూపర్ అన్నది," అన్నాడు హరికృష్ణ.

"మీ మమ్మీని జర కండ్ల దవాఖానకు తోల్కపో."

హాలంతా నవ్వు. ఇంకా తిట్లు తినని వాళ్లకు దిగులు పట్టుకుంది. "అమ్మమ్మా, నన్ను తిట్టలే!"

"ఆగు, వస్తాన. నీదైతే పేర్చకముందే కూలింది."

చివర్న ప్రసన్న. ఎనిమిదేళ్లు. ఆమె బతుకమ్మ అప్పటికే రెండుసార్లు ఒరిగింది. అయిదింటికి తల్లులందరి ముందు ఎవరిది వాళ్లు ఎత్తుకుని హాలు నడుమ పెట్టాలి. "నేను ఇంటికి పోత మేడం, కడుపు నొస్తాంది," అంది.

శ్రావణి చిలుకమ్మ చెవిలో చెప్పింది. "పెద్దమ్మా, ఆ పిల్లనొక్కదాన్ని ఏమనకు."

"ఎందుకనొద్దు? అందరికీ పెట్టి గా పిల్లకు పెట్టకపోతే ఎట్ల? ఆమె చేసిన పాపమేంది?"

పోయి ప్రసన్న ముందు కూర్చుంది. "ఎవలు నేర్పిండ్రే నీకు?"

"మా ఇంట్ల పేర్చరు, అమ్మమ్మా."

"పేర్చేటోళ్ల పిల్లలు ఏం ఉద్ధరించిండ్రు? వాళ్లయి జూడు, కల్లు తాగినట్టు ఊగుతానయ్!"

ప్రసన్న ఫక్కున నవ్వింది. తిట్లు సాగుతూనే ఉన్నాయి. అందరూ చిలుకమ్మ నోటినే చూస్తున్నారు. ఆ నోటిని చూడలేక తల దించుకున్న శ్రావణికి చేతులు కనిపించాయి. ఎడమ చేయి వరసను పట్టుకుంది. కుడి చేయి ఒడిలోంచి పిడికెడు ఆకు తీసి గుంతలో కూరుతోంది. మళ్లీ పిడికెడు. నోరు ఆగేసరికి బతుకమ్మ నిటారుగా ఉంది.

శ్రావణి వెనక్కి తిరిగింది. తిట్లు తిన్న పదకొండూ నిటారుగానే ఉన్నాయి.

"ఇది ఎత్తితే సాలు, కూలుతది!" అని అరిచి లేచింది చిలుకమ్మ.

అయిదయింది. ప్రసన్న ఎత్తుకుంది. ఊపిరి బిగబట్టి నడిచింది. నడుమ దించింది. ఒక్క పువ్వు రాలలేదు.

"కూలలే! అమ్మమ్మా, నువ్వు చెప్పింది తప్పు!"

"అమ్మమ్మ తప్పు! అమ్మమ్మ తప్పు!" పిల్లలంతా అందుకున్నారు.

చిలుకమ్మ పచ్చబడిన వేళ్లను కొంగులో దాచుకుంది. "ఏమో బిడ్డా, ముసల్దాన్నయితి. కండ్లు కనవడ్తలేవ్," అంటూ బయటికి నడిచింది.

చౌరస్తా అవతల మలుపు తిరుగుతున్న బస్సు మీద తన ఊరి దారి బోర్డు చదివి, బస్సు కోసం నిలబడ్డ కుర్రవాళ్లందరికన్నా ముందు పరుగెత్తింది.