అంచు కోసిన చరిత్ర పుస్తకం

2022 వానాకాలం. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో నా బైండింగ్ షాపు. రోజంతా ప్రాజెక్టు రిపోర్టులు, స్పైరల్ బైండింగులు. ఎప్పుడైనా ఒక పాత చరిత్ర పుస్తకం వచ్చిందంటే మాత్రం నాకు పండగే. నాలుగు పేజీలు చదవందే సూది పట్టబుద్ధి కాదు. "నువ్వు బైండర్‌వా, లైబ్రేరియన్‌వారా?" అని మా నాన్న తిట్టేవాడు.

రాజ్యలక్ష్మి గారు పంజాగుట్టలో ఒక స్కూల్లో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. వాళ్లది గోదావరి వైపు. ఒకప్పుడు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలో దొరికిందంటూ దక్కన్ కోటల చరిత్ర ఒకటి తెచ్చారు. అట్ట ఊడింది, కుట్లు తెగాయి. అంచుల నిండా పెన్సిల్ రాతలు. ఎవరో పాత పాఠకుడు రచయితతో పోట్లాడుతున్నాడు. "శుద్ధ అబద్ధం. ఈ బురుజు నేను ఎక్కి చూశాను" అని ఒక చోట రాశాడు. నాకు భలే నచ్చాడు.

"ఈయనెవరో తెలీదండీ, పేరు కూడా రాసుకోలేదు. పదేళ్లుగా ఈయనతో కలిసే చదువుతున్నాను. మావారు పోయాక ఇంట్లో వాదించే మనిషి ఈయనొక్కరే," అని నవ్వారావిడ. "జాగ్రత్తగా చేస్తారు కదూ?"

"ఫికర్ చెయ్యకుండ్రి మేడం. కొత్తదాని లెక్క చేసిస్త," అన్నాను.

అన్నట్టే చేశాను, కొంప ముంచాను. కుట్టడం అయ్యాక, అట్ట వేసే ముందు ట్రిమ్మింగ్ చేస్తాం. అంటే కటింగ్ మెషీన్లో పెట్టి మూడు వైపులా అంచులు సమంగా కోయడం. ముప్పై ఏళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే లీవర్ లాగింది.

అట్ట వేసి, మురిసిపోతూ తెరిచాను. రాతలన్నిటికీ ఒక పక్క అక్షరాలు తెగిపోయి ఉన్నాయి. ఛీ, నా చెయ్యి విరగ! తెలియక చేశానని చెప్పుకోవడానికీ లేదు, ఆ రాతలు చదివి నవ్వుకున్నవాణ్ణి.

సిగ్గు చంపుకుని ఫోన్ చేసి చెప్పాను.

"ముక్కలు పారేశారా?" అన్నారావిడ.

పారేయలేదు. తుక్కు సంచిలో రిపోర్టుల ముక్కలతో కలిసిపోయి ఉన్నాయి. సంచి బోర్లించాను. కొత్త కాగితం తెల్లగా, పాతది గోధుమరంగులో ఉంటుంది కాబట్టి ఏరడం కుదిరింది. అతికించడమే ప్రాణం తీసింది. ఏ ముక్క ఏ పేజీదో తేలాలంటే సగం అక్షరానికి మిగతా సగం వెతకాలి.

మర్నాటి నుంచి ఆవిడే ఫ్లాస్కులో కాఫీ పట్టుకుని వచ్చి స్టూలు మీద కూర్చునేవారు. ముక్క చూపిస్తే చాలు, "అది ఫిరంగుల పేజీ" అనేవారు. నేను పల్చటి టిష్యూ కాగితం, మైదా జిగురుతో అతికించేవాణ్ణి. మధ్యలో కోటల గురించి ఇద్దరం కొట్లాడుకునేవాళ్లం. తప్పు నాదే అయినా, నా షాపులో అంత మంచి రోజులు మళ్లీ రాలేదు.

పన్నెండు రోజులకు పని అయింది. మూడు ముక్కలు దొరకలేదు. రెండు చోట్ల ఆవిడే గుర్తు తెచ్చుకుని పెన్సిల్‌తో పూరించారు. మూడోది పేజీ కింది అంచున, ఒక కోటలోని బావి గురించి. "మా అమ్మ ఈ బావి దగ్గరే" అని ఉంది. ఆ తర్వాత ఏమీ లేదు.

ఆవిడ కళ్లు మూసుకుని కూర్చున్నారు. "'నీళ్లు తోడేది' అనా? 'మా నాన్నని మొదటిసారి చూసింది' అనా? ఇన్నేళ్లు చదివాను, ఎలా మర్చిపోయానండీ?"

నాకు చూడబుద్ధి కాలేదు. "మీకు తోచింది రాసేయుండ్రి మేడం. ఎవలకెరుక?"

ఆవిడకి మొదటిసారి కోపం వచ్చింది. "చరిత్ర చెప్పినదాన్నండీ నేను. తెలియనిది రాయను."

పెన్సిల్ పక్కన పెట్టి, పుస్తకం మూసి, సంచిలో వేసుకుని వెళ్లిపోయారు.

ఇప్పుడు ఏ పాత పుస్తకం వచ్చినా ముందు ప్రతి పేజీ అంచూ చూస్తాను. వంకరగా ఉన్నా సరే, యజమాని నోటితో కోయమంటే తప్ప మెషీన్ దగ్గరికి తీసుకెళ్లను. బావి దగ్గర ఆ తల్లి ఏం చేసిందో మాత్రం ఇక ఎవరికీ తెలియదు. తెలియకుండా చేసింది నేనే.